గోపాల్‌పూర్, చిలికా ఉండగా కైట్‌బోర్డింగ్ కోసం రామేశ్వరం దీవి దాకా వెళ్లాలా?

ఛత్రపురం నుంచి మీరు రాసిన ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. బరంపురంలో చదువుకుంటున్న మీ తమ్ముడు కైట్‌బోర్డింగ్, అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే కాళ్ల కింద పలక (బోర్డు) పెట్టుకుని నీటి మీద సాగే ఆట, నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు కాబట్టి, తక్కువ ధరకు వస్తున్న పాత కైట్ ఒకటి కొని గోపాల్‌పూర్ ఒడ్డునో, రంభ దగ్గర చిలికా సరస్సులోనో వీడియోలు చూసి మొదలుపెట్టవచ్చా అన్నది మొదటిది. అందుకోసం రామేశ్వరం దీవి దాకా వెళ్లడం నిజంగా అవసరమా అన్నది రెండోది. అక్కడి వాళ్లు కొత్తవాళ్లను కలుపుకుంటారా అన్నది మూడోది. నేను గోపాల్‌పూర్‌లో పుట్టి పెరిగిన వాడబలిజ (జాలరి) కుటుంబం మనిషిని. ఆ దీవిలోనే నేర్చుకున్నాను, గాలి కాలం వచ్చిందంటే ఇప్పటికీ అక్కడికి వెళ్లివస్తుంటాను. కాబట్టి నేరుగా చెబుతాను: తమ్ముణ్ణి దీవికి పంపండి, ఆ కైట్ మాత్రం కొనకండి.

దీవికే ఎందుకు వెళ్లాలో ముందు వివరిస్తాను. రామేశ్వరం ఊరున్న పాంబన్ దీవికి ఉత్తరాన పాక్ జలసంధి వైపు సముద్రం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ ఉన్నాయి. దీవి చివర ధనుష్కోటి వైపు సన్నటి ఇసుక నాలుకగా సాగిపోతుంది కాబట్టి, చాలా చోట్ల ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి నడిచి వెళ్లవచ్చు. వేసవి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వీస్తుంది, చలికాలంలో ఈశాన్యపు గాలి వీస్తుంది. కైట్‌బోర్డింగ్‌లో అన్నిటికంటే ముందు చూడవలసింది గాలి ఒడ్డుకు ఏ వాటంలో వస్తోందన్నదే. సముద్రం మీది నుంచి ఒడ్డుకు ఏటవాలుగా వీస్తే మనిషి ఏం చేసినా చివరికి ఒడ్డుకే చేరతాడు. నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తే మాత్రం చిన్న తాడు తెగినా, కైట్ గాలి పోయినా లోపలికే కొట్టుకుపోతాడు. రెండు వైపులా ఒడ్డున్న సన్నని దీవిలో ఏ రుతువులోనైనా ఒక ఒడ్డు పనికివస్తుంది. మన గంజాం తీరానికి ఉన్నది ఒకే ముఖం కాబట్టి ఈ వెసులుబాటు మనకు లేదు.

ఇంకో కారణం నీరు. ధనుష్కోటి వైపు ఇసుక మేటల వెనక మోకాలి లోతు నుంచి నడుము లోతు వరకు ఉండే మడుగులున్నాయి. గాలి జోరుగా ఉన్నా అక్కడ కెరటం లేవదు. పడినవాడు లేచి నిలబడగలిగితే భయం సగం తగ్గుతుంది, భయం తగ్గినవాడికే చెప్పింది చెవికెక్కుతుంది. మూడో కారణం వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర గాలీ వానా కలిసి వస్తాయి, మబ్బు కమ్మినప్పుడల్లా గాలి వేగం ఎగిరిపడుతుంది. రామనాథపురం జిల్లాకు ముఖ్యమైన వానకాలం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కాబట్టి, నైరుతి నెలల్లో అక్కడ పొడిగా, రోజంతా ఒకే తీరుగా గాలి వీస్తుంది. భారతదేశపు కొనకూ శ్రీలంక కొండలకూ మధ్య ఇరుకులో పడ్డ గాలి వేగం పుంజుకోవడం కూడా ఇందుకు తోడవుతుంది.

ఒకే తీరు గాలి ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. గాలి వేగం రెండింతలైతే కైట్ లాగే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. సుమారు 70 కిలోల మనిషి 15 నాట్స్ గాలిలో 12 చదరపు మీటర్ల కైట్‌తో హాయిగా తిరుగుతాడు. అదే మనిషి అదే కైట్‌తో 30 నాట్స్ విసురులో చిక్కుకుంటే నీటి మీద నుంచి పైకి లేచిపోతాడు. మన దగ్గర చైత్ర వైశాఖాల్లో సాయంత్రం వేళ వచ్చే కాలబైశాఖి తుఫాను చూసినవారికి ఈ తేడా విడమర్చి చెప్పనవసరం లేదు. పడమట మబ్బు నల్లబడిన కొద్దిసేపటికే చెట్లు వంగిపోతాయి. అలాంటి గాలిలో కైట్ చేతిలో ఉన్న కొత్తవాడికి దిక్కు తోచదు.

నేర్పే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వీడియోలు చూసి నేర్చుకోలేనిది సరిగ్గా ఇక్కడే ఉంది. మొదటి రోజు బోర్డు ముట్టుకోనివ్వరు. ముందు కైట్ అంచు గొట్టంలోకి పంపుతో గాలి కొట్టిస్తారు. గాలి నిండిన ఈ గొట్టమే కైట్ నీటి మీద పడ్డా మునగకుండా, మళ్లీ లేచేలా చేస్తుంది. దీన్ని కనిపెట్టి 1984లో పేటెంటుకు దరఖాస్తు చేసినవారు ఫ్రాన్స్‌కు చెందిన లెగేనియు సోదరులు. తర్వాత కైట్‌ను మనిషికి కలిపే లైన్లను, అంటే 20 నుంచి 24 మీటర్ల పొడవుండే తాళ్లను ఇసుక మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ వేళ్ల మధ్య నుంచి జారనిస్తూ చివరిదాకా నడిపిస్తారు. చిన్న ముడి ఉన్నా వేలికి తగులుతుంది. అందరూ విసుక్కునే పని ఇదే. గాలిలో లేచాక కైట్ ఒక పక్కకు వాలిపోయే ప్రమాదాల్లో చాలావాటిని ఆపేది కూడా ఇదే.

ఆ తరువాత ఎర్రటి క్విక్ రిలీజ్, అంటే ఆపదలో కైట్‌ను వదిలించుకునే మీట. నడుముకు కట్టుకున్న హార్నెస్ పట్టీ కొక్కేనికి బార్ (కైట్‌ను తిప్పే చేతి కర్ర) తగిలించే చోట ఇది ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే కైట్ బలమంతా పోయి, ఒకే ఒక లైను మీద జెండాలా వేలాడుతూ కిందికి దిగిపోతుంది. నాకు నేర్పిన కుర్రవాడు దీన్ని ఇసుక మీద మళ్లీ మళ్లీ చేయించాడు, కళ్లు మూసుకుని చేయమన్నాడు, మాటల్లో పెట్టి ఉన్నట్టుండి అరిచి చేయించాడు. చెయ్యి తనంతట తాను అక్కడికి వెళ్లేదాకా వదల్లేదు. మూడు నాలుగు సెకన్లలో నిర్ణయించుకోవలసిన పని కాబట్టి, ఆలోచన కంటే ముందు చెయ్యి కదలాలి. ఎదురుగా నిలబడి గద్దించే మనిషి లేకుండా ఆ అలవాటు పడదు.

ఆపైన బోర్డు లేకుండా ఒళ్లు నీటిలో ఈడ్పించుకుంటూ వెళ్లడం నేర్పిస్తారు. ఒక చేత్తో బార్ పట్టుకుని, కైట్‌ను ఒక పక్కన కిందికి నిలిపి, రెండో చెయ్యి నీటిలోకి చాచితే మనిషి గాలికి ఎదురు దిశలో ఏటవాలుగా జరుగుతాడు. పడినప్పుడు జారిపోయిన బోర్డును తెచ్చుకునే దారి అదొక్కటే. మా ఇళ్లలో పెద్దవాళ్లు తెరచాప కట్టిన తెప్పను గాలికి ఎదురుగా ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు మళ్లిస్తూ ఒడ్డుకు తెచ్చిన సూత్రమే ఇది. మీ తమ్ముడికి ఇంట్లో ఎవరైనా తెరచాప కాలం మనిషి ఉంటే వెళ్లేముందు కూర్చుని అడిగి తెలుసుకోమనండి, అక్కడ ఒక రోజు కలిసివస్తుంది. బోర్డు మీద నిలబడడం వీటన్నిటి తరువాతే. మామూలుగా 8 నుంచి 12 గంటల శిక్షణ, అంటే నాలుగైదు రోజులు పడుతుంది. గాలికి ఎదురు వెళ్లి బయల్దేరిన చోటికే తిరిగి రాగలిగినప్పుడే నేర్చుకున్నట్టు లెక్క. అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ ఐకేఓ గుర్తింపున్న శిక్షకుడేనా అని బయల్దేరే ముందే అడగండి. అక్కడ నేర్చుకున్నాక ఇచ్చే ఐకేఓ కార్డు ఉంటే తరువాత చాలా చోట్ల కైట్ అద్దెకు తీసుకోవడం సులువవుతుంది.

అక్కడి మనుషుల గురించి అడిగారు. ఆ దీవిలో కైట్‌బోర్డింగ్ చేసేవాళ్ల గుంపు చిన్నది. బెంగళూరు, చెన్నై, ముంబై నుంచి సెలవులకు వచ్చే ఉద్యోగులు, కొందరు విదేశీయులు, వీళ్లతో పాటు అక్కడి జాలరి కుటుంబాల కుర్రవాళ్లు ఉంటారు. ఈ కుర్రవాళ్ల వల్లే నాకు ఆ చోటంటే గౌరవం. కైట్ పట్టుకుని లేపడం, దింపడం, కొట్టుకుపోయినవాడి కోసం పడవ తీయడం వంటి పనులతో మొదలుపెట్టి, నేర్చుకుని, శిక్షకులైనవాళ్లు వాళ్లలో ఉన్నారు. తాటిమట్టల కదలిక, నీటి రంగు చూసి గాలి పెరుగుతుందో తగ్గుతుందో చెబుతారు, ఫోనులో గాలి సూచన చూసేది ఆ తరువాతే. కైట్‌ను ఒంటరిగా లేపడం, దింపడం ప్రమాదకరం కాబట్టి ఒకరికొకరు చెయ్యి వేయక తప్పదు. అందుకే అక్కడ మొహమాటాలు ఒక పూటలో కరిగిపోతాయి. తమిళం రాకపోయినా ఇబ్బంది లేదు. శిక్షణ ఇంగ్లీషులోనో హిందీలోనో జరుగుతుంది, ఊళ్లో తెలుగు యాత్రికుల తాకిడి ఎక్కువ కాబట్టి దుకాణాల వాళ్లకు మన మాట కాస్త అర్థమవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లు చాలా కచ్చితంగా ఉంటారు, ఉండాలి కూడా. వలలున్న చోటికీ, ఒడ్డు మీద అలివి వల లాగుతున్న చోటికీ కైట్‌తో వెళ్లకూడదు. ఆ సముద్రం ముందు వేటకు వెళ్లేవాళ్లది. మన్నార్ సింధుశాఖ వైపు 1986లో ఏర్పడిన సముద్ర జాతీయ ఉద్యానం కింద 21 దీవులున్నాయి, అనుమతి లేకుండా వాటి మీద కాలు పెట్టకూడదు. ధనుష్కోటికి ఆవల శ్రీలంక సముద్ర సరిహద్దు దగ్గరే కాబట్టి నౌకాదళం, కోస్ట్‌గార్డ్ నిఘా ఉంటుంది. శిక్షకుడు గీసిన హద్దు దాటవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి.

ఇక మన ఒడ్డు. గోపాల్‌పూర్ అంటే నాకు ప్రాణం, అయినా మొదటి కైట్ అక్కడ లేపమని ఎవరికీ చెప్పను. ఒడ్డు నిటారుగా దిగుతుంది, కెరటం నేరుగా ఒడ్డు మీదే విరిగి పడుతుంది. కైట్ ఒకసారి ఆ నురుగులో పడిందంటే రెండో కెరటానికి లైన్లు చుట్టుకుపోతాయి, మూడోదానికి గుడ్డ చిరుగుతుంది, ఆ లైన్ల మధ్య మనిషి కూడా ఉంటాడు. పర్యాటకులు తిరిగే చోట గాలివాలున కనీసం యాభై మీటర్ల ఖాళీ దొరకదు. ఖాళీ కోసం ఉత్తరానికి పోదామంటే గోలబంధ దగ్గర ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఫైరింగ్ రేంజి ఉంది, కాల్పుల రోజుల్లో మన పడవలే అటు వెళ్లవు. ఇంకా పైకి వెళ్తే రుషికుల్య ముఖద్వారం, అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఆ ఇసుక మీద ఏ ఆటా ఆడకూడదు. బాగా నేర్చుకుని, కెరటాల్లో తిరగడం అలవాటై, ఒడ్డున కైట్ పట్టే తోడు ఉన్నవాడు తెల్లవారుజామున జనం లేని వేళ, వాటం చూసుకుని మన ఒడ్డున దిగవచ్చు. అంతకు ముందు వద్దు.

చిలికా విషయంలో నా అభ్యంతరం వేరు. వేసవిలో అక్కడ దక్షిణపు గాలి బాగుంటుంది, లోతు తక్కువ, కెరటం చిన్నది. చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే రొయ్యలకూ చేపలకూ పాతిన వెదురు కర్రలు, వాటికి కట్టిన వలలు సరస్సు నిండా ఉంటాయి, వాటిలో చాలా కర్రలు నీటి పైకి జానెడు కూడా కనిపించవు. వేగంగా వస్తున్న మనిషికి అవి కత్తులే. ఆ వలలు మనవాళ్లవి, ఒడియా జాలర్లవి, వాళ్ల పూటకూడు. చలికాలంలో లక్షల వలస పక్షులు దిగుతాయి. తల మీద పెద్ద కైట్ తిరిగితే మేత వదిలి గుంపులు గుంపులుగా లేచిపోతాయి. అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో 1981 నుంచి ఉన్న సరస్సు అది, అందులోని నలబన దీవి చుట్టుపక్కల అభయారణ్యం, ఇరావడ్డీ డాల్ఫిన్లు తిరిగే నీరు. అటవీ శాఖ వారి చిలికా వన్యప్రాణి విభాగాన్నీ, ఆ నీటి మీద బతికే ఊరి జాలరి సంఘాన్నీ అడిగి, ఇద్దరూ సరేనన్న చోట, సరేనన్న నెలల్లో అయితే అది వేరే మాట. పక్షులు వెళ్లిపోయాక ఏప్రిల్, మే నెలల్లో వలలు లేని ఒక పాయ ఎవరైనా చూపిస్తే మన పిల్లలకు అక్కడే నేర్పవచ్చునని నా గట్టి నమ్మకం. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు పతకాలిచ్చారు. గాలి, నీరు తెలిసిన మన పేటల పిల్లలకు ఇందులో భవిష్యత్తు ఉందని నేను నమ్ముతున్నాను, అందుకే అది అనుమతులతో, తగాదాలు లేకుండా మొదలవ్వాలని కోరుకుంటున్నాను.

పాత కైట్ సంగతి. ఎండకు మాగిన గుడ్డ చేత్తో లాగితే చిరుగుతుంది, అంచు గొట్టం లోపలి తిత్తి అతుకుల దగ్గర లీకవుతుంది, పాత బార్ మీది క్విక్ రిలీజ్‌లో ఇసుక చేరి ఇరుక్కుపోతుంది. కొత్తవాడికి ఇవేవీ చూసి గుర్తుపట్టే కన్ను ఉండదు. ఏ సైజు సరిపోతుందో కూడా నేర్చుకున్నాకే తెలుస్తుంది. ఆ డబ్బు శిక్షణకు పెట్టండి. బస, తిండి కలిపి పదివేలల్లో తేలే వ్యవహారం కాదు, కానీ పరికరాలన్నీ వాళ్లే ఇస్తారు. 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన తెరిచినప్పటి నుంచి రైళ్లు మళ్లీ దీవి మీదికే వెళ్తున్నాయి. భువనేశ్వర్ నుంచి రామేశ్వరం వెళ్లే వారపు ఎక్స్‌ప్రెస్ మన బరంపురం మీదుగానే పోతుంది, అది కుదరకపోతే చెన్నైలో మారవచ్చు. జూన్ చివర గానీ జులైలో గానీ వెళ్లేలా చూసుకోండి, అక్టోబరు, నవంబరు వద్దు. పొడుగు చేతుల ఈత చొక్కా, పగడపు ముక్కలూ ఆల్చిప్పలూ గుచ్చుకోకుండా మెత్తటి నీటి బూట్లు, కళ్లజోడుకు కట్టుకునే తాడు తీసుకెళ్లమనండి. ఈత రాకపోతే మాత్రం ముందు ఇక్కడే ఈత నేర్పించి, ఆ తరువాతే టికెట్ తీయండి.