గోల్ఫ్ బాల్ క్లీనర్ కొనండి, నునుపు చేసే ప్యాడ్ జోలికి మాత్రం పోకండి

మీరు అడిగినవి రెండు. చేతిలో పట్టుకుని తిప్పే బాల్ క్లీనర్ ఆన్‌లైన్‌లో చూశారు. అందులో బ్రష్‌తో పాటు గరుకు ప్యాడ్ కూడా ఉందట, మట్టి పోగొట్టి గీతల్ని నునుపు చేస్తుందట. అది కొనొచ్చా అన్నది మొదటిది. క్యాడీల (ఆటగాళ్ల బ్యాగ్ మోసేవాళ్ల) దగ్గర చవగ్గా దొరికే పాత బాల్స్‌ని దాంతో కొత్తవాటిలా చేసుకోవచ్చా అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు: శుభ్రం చేసే పనికైతే కొనండి, నునుపు చేసే పనికైతే వద్దు. రెండోదాని సంగతి చివర్లో చెబుతాను. నేను గోల్కొండ నయా ఖిల్లా పక్క కోర్సులో ఏళ్లుగా ఆడుతున్నాను, ఎవరైనా గెస్ట్‌గా పిలిస్తే గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కి వెళ్తాను. నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె) ఎంతని అడక్కండి కానీ, బాల్స్ కడగడంలో మాత్రం అనుభవం బాగానే ఉంది.

ముందు ఆ వస్తువు గురించి. బజార్లో ఉన్నవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మెత్తటి మైక్రోఫైబర్ సంచి, లోపల తడి గుడ్డ ఉంటుంది, బ్యాగ్‌కో బెల్ట్‌కో తగిలించుకోవచ్చు. రెండోది కొబ్బరి చిప్పల్లా రెండు సగాలుగా తెరుచుకునే ప్లాస్టిక్ డబ్బా. లోపల చుట్టూ నైలాన్ బ్రష్ కుచ్చులు ఉంటాయి. కాస్త నీళ్లు పోసి, బాల్ పెట్టి, మూసి, అటూ ఇటూ తిప్పితే చాలు, డింపుల్స్‌లో (బాల్ మీది చిన్న గుంటల్లో) ఇరుక్కున్న మట్టి కూడా వచ్చేస్తుంది. మీరు చూసింది ఈ రెండో రకానికే ఒక సగంలో గరుకు ప్యాడ్ అతికించిన మోడల్ అనుకుంటున్నాను. మా గ్రూపులో ఒకాయన విదేశాల నుంచి అలాంటిదే తెప్పించుకున్నారు. దాన్ని నేనూ వాడి చూశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

బ్రష్ భాగం నిజంగా బాగుంది. మన దగ్గర ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన ఆట దారి) దాటితే ఉండేది మొరం, ఎర్ర మట్టి, బండరాళ్లు. ఎండాకాలంలో మొరం పొడి బాల్‌కి సన్నగా పట్టుకుంటుంది, తుడిస్తే పోతుంది. వానాకాలంలోనే అసలు గొడవ. జూలై, ఆగస్టుల్లో ఎత్తుగా కొట్టిన షాట్ మెత్తటి ఫెయిర్‌వేలో దిగబడితే, బాల్‌కి ఒకవైపు మట్టి ముద్ద అంటుకుని ఉంటుంది. మట్టి కుడివైపు ఉంటే బాల్ ఎడమకి, ఎడమవైపు ఉంటే కుడికి పోతుందని ఆటగాళ్లు అంటారు. నా అనుభవంలోనూ చాలాసార్లు అలాగే జరిగింది. గాలి రెండు వైపులా ఒకేలా జారకపోవడమే కారణం. అది కాక వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకి వాడే కర్రతో) కొట్టేటప్పుడు దాని ఫేస్‌కీ (కొట్టే ముఖానికీ) బాల్‌కీ మధ్య మట్టి గానీ తడి గానీ ఉంటే స్పిన్ తగ్గుతుంది. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆగాల్సిన బాల్ దొర్లుకుంటూ వెనక బంకర్‌లోకి (ఇసుక గుంటలోకి) పోతుంది. ఆ బాధ అందరికీ తెలిసిందే.

ఇక నునుపు చేసే ప్యాడ్. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పే మాట వినడానికి సబబుగానే ఉంటుంది: గీతలు పడితే గాలి అడ్డుపడుతుంది, నునుపు చేస్తే దూరం పెరుగుతుంది అని. గోల్ఫ్ బాల్ విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. బాల్ నున్నగా ఉంటే దూరం పోదు. డింపుల్స్ లేని బాల్ అదే దెబ్బకి దాదాపు సగం దూరమే వెళ్తుంది. డింపుల్స్ బాల్ ఉపరితలం దగ్గర గాలిని చిన్న చిన్న సుడులుగా తిప్పుతాయి. దాంతో ఆ గాలి పొర బాల్‌ని త్వరగా వదిలేయకుండా వెనక వైపు దాకా అంటిపెట్టుకుని సాగుతుంది, వెనక్కి లాగే బలం తగ్గుతుంది. బ్యాక్‌స్పిన్‌తో (బాల్ వెనక్కి తిరగడంతో) కలిస్తే పైకి లేపే బలం కూడా పెరుగుతుంది.

ఈ సంగతి మొదట పట్టుకున్నది సైంటిస్టులు కాదు, ఆటగాళ్లే. 1848 ప్రాంతంలో గట్టా పెర్చా అనే చెట్టు పాలతో చేసిన నున్నటి బాల్స్ వచ్చాయి. కొత్తగా ఉన్నప్పుడు అవి సరిగ్గా ఎగిరేవి కావు. దెబ్బలు తిని గాట్లు పడ్డాక చక్కగా పోయేవి. అది గమనించి కావాలనే సుత్తితో గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. చివరికి 1905లో విలియం టేలర్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు గుంటల డిజైన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఆనాడు సుత్తి పట్టుకుని సంపాదించుకున్న దాన్ని మనం డబ్బులిచ్చి ప్యాడ్ కొని అరగదీసుకోవడం, నాకైతే నవ్వొస్తుంది.

అయితే గాట్లు మంచివే కదా, గీతలు పడ్డ బాల్‌తోనే ఆడుకుందాం అనుకోకండి. ఇప్పటి బాల్స్ మీద మూడు వందల నుంచి నాలుగు వందల దాకా డింపుల్స్‌ని లెక్క ప్రకారం, అన్ని వైపులా సమంగా పేరుస్తారు. ఒక్కో డింపుల్ లోతు మిల్లీమీటర్‌లో పావు వంతు ఉంటుంది, అంతే. గరుకు ప్యాడ్‌తో ఒక చోట పదే పదే రుద్దితే ముందు పైనున్న సన్నటి క్లియర్ కోట్, ఆ తర్వాత పెయింట్ పోతాయి, ఆ తర్వాత డింపుల్ అంచులు మొద్దుబారతాయి. పావు మిల్లీమీటర్‌లో కొంచెం పోయినా అది కొంచెం కాదు. పైగా చేత్తో రుద్దినప్పుడు అన్ని వైపులా సమంగా అరగదు. గీత ఉన్న చోటే రుద్దుతాం కదా. మా గ్రూపులో ఆయన తెప్పించిన దాంతో ఒక పాత బాల్ మీద ప్రయత్నించాం. గీత చుట్టూ మెరుపు పోయి, సున్నం రాసినట్టు తెల్లటి మచ్చ మిగిలింది. ఆ మచ్చ మీద మరుసటి రౌండ్‌లో మట్టి మరింత గట్టిగా పట్టుకుంది, ఎందుకంటే పైన కోటింగ్ లేదు.

బాల్ కవర్‌ని బట్టి కూడా తేడా ఉంటుంది. తక్కువ ధర బాల్స్‌లో ఎక్కువగా సర్లిన్ రకం గట్టి ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. అది అంత తేలిగ్గా గీసుకుపోదు, శుభ్రం చేస్తే చాలు. ఖరీదైన బాల్స్‌కి ఉండేది యూరిథేన్ కవర్. మెత్తగా ఉంటుంది, స్పిన్ బాగా ఇస్తుంది, కానీ వెడ్జ్ గ్రూవ్స్ (ఫేస్ మీది గీతల్లాంటి గాడులు) దాన్ని తురిమేస్తాయి. చేత్తో తడిమితే సన్నటి వెంట్రుకల్లా లేచి ఉంటాయి చూడండి, అవే. ఒక్కోటి నాలుగు వందలకు పైనే పడే బాల్ అలా అయితే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే ఈ ప్యాడ్‌ల వ్యాపారం నడుస్తోంది. నా పద్ధతి చెబుతాను: గోటితో గీత మీద అడ్డంగా లాగుతాను. గోరు తగలకపోతే ఆ బాల్ ఇంకా ఆటకే. తగిలి ఆగితే అది ప్రాక్టీస్ డబ్బాలోకి పోతుంది. రాయికి తగిలి చెక్కు లేచిందా, ఇక మాట్లాడటానికి ఏమీ లేదు. బౌల్డర్ హిల్స్ పేరులోనే రాళ్లున్నాయి, అక్కడికి కొత్త బాల్స్ తీసుకెళ్లేవాళ్ల గుండె ధైర్యానికి దండం.

నిబంధనల సంగతి తెలియకపోతే చిక్కుల్లో పడతారు. సరదాగా ఆడుకుంటే ఏం చేసినా అడిగేవాళ్లు లేరు. కానీ క్లబ్ పోటీలో ఆడితే రూల్ 4.2 ఒకటుంది. బాల్ ఆడే తీరు మారేలా కావాలని గరుకు చేయడం, వేడి చేయడం, శుభ్రం చేయడానికి కాకుండా ఏదైనా పూయడం కుదరదు. అలాంటి బాల్‌తో స్ట్రోక్ ఆడితే శిక్ష ఒక స్ట్రోకో రెండో కాదు, డిస్‌క్వాలిఫికేషన్. ప్యాడ్‌తో రుద్దడం కూడా దీని కిందకే వస్తుందన్నది నా అభిప్రాయం. కమిటీతో వాదించే ఓపిక మీకు ఉంటే అది మీ ఇష్టం.

శుభ్రం చేయడంలో కూడా మెలిక ఉంది. గ్రీన్ మీద మార్క్ పెట్టి బాల్ తీస్తే ఎప్పుడైనా తుడుచుకోవచ్చు. గ్రీన్ బయట మూడు నాలుగు సందర్భాల్లో తుడవకూడదు: బాల్ పగిలిందేమో చూడటానికి తీసినప్పుడు, అది అవతలి వాళ్ల ఆటకి అడ్డుగా ఉందని తీసినప్పుడు, రిలీఫ్ (బాల్‌ని వేరే చోట పెట్టుకునే వీలు) దొరికే స్థితిలో ఉందా లేదా అని చూడటానికి తీసినప్పుడు. మీదేనా కాదా అని గుర్తుపట్టడానికి తీస్తే, గుర్తు కనిపించేంత వరకే తుడవాలి. తప్పితే ఒక స్ట్రోక్ పెనాల్టీ. బెల్ట్‌కి క్లీనర్ తగిలించుకున్న వాళ్లకి ఇదే ప్రమాదం. ఒకసారి నాతో ఆడుతున్న ఒకాయన ఫెయిర్‌వేలో నా లైన్‌కి అడ్డుగా ఉందని బాల్ తీశారు. తీయగానే చెయ్యి దానంతట అదే బెల్ట్ దగ్గరికి పోయింది, రెండు తిప్పులు తిప్పేశారు. నేను వద్దు వద్దు అనేలోపే అయిపోయింది. పాపం, నాకు దారి ఇచ్చినందుకు ఆయనకి ఒక స్ట్రోక్. అలాంటప్పుడు బాల్‌ని జేబులో కూడా వేసుకోకుండా రెండు వేళ్లతో అందరికీ కనిపించేలా పట్టుకోవడం మంచిది. వానాకాలంలో మాత్రం క్లబ్ వాళ్లు ప్రిఫర్డ్ లైస్ లోకల్ రూల్ పెడితే ఫెయిర్‌వేలో తీసి తుడిచి మళ్లీ పెట్టుకోవచ్చు. ఆట మొదలయ్యే ముందు స్టార్టర్‌ని (ఆట మొదలుపెట్టించే ఆయన్ని) అడగండి, నోటీస్ బోర్డు చూడండి.

ఇప్పుడు కొనేటప్పుడు ఏం చూడాలో. కుచ్చులు నైలాన్‌వి కావాలి, వేలితో నొక్కితే వంగాలి. ఇత్తడి, స్టీలు తీగలున్నవి గోల్ఫ్ కర్రల గ్రూవ్స్‌కి తప్ప బాల్‌కి పనికిరావు. డబ్బా అడుగున నీళ్లు కారే రంధ్రం ఉండాలి, లేకపోతే వానాకాలంలో రెండు రోజుల్లో ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. గరుకు ప్యాడ్ విడిగా ఊడదీసే వీలుంటే ఊడదీసి పక్కన పెట్టండి. అతికించి ఉంటే అసలు ఆ మోడల్ వద్దు. కొన్ని వందల రూపాయల్లో ప్యాడ్ లేని మామూలువి దొరుకుతాయి.

నిజం చెప్పాలంటే మా క్యాడీలు ఎవరూ ఇవి వాడరు. సగం తడిపిన టవల్ ఒకటి బ్యాగ్‌కి వేలాడుతుంటుంది. తడి వైపుతో తుడిచి, పొడి వైపుతో తడి తీసేస్తారు. ఎండాకాలంలో అంతకన్నా ఏమీ అక్కర్లేదు. డింపుల్స్‌లో ముద్దగా ఇరుక్కునే వానాకాలం మట్టికే బ్రష్ కావాలి. ఒక జాగ్రత్త మాత్రం టవల్‌కైనా బ్రష్‌కైనా ఒకటే: మొరం రేణువులు గుడ్డలో, కుచ్చుల్లో ఉండిపోతే అదే ఉప్పు కాగితం అయిపోతుంది. మీరు శుభ్రం చేస్తున్నాననుకుంటూ బాల్‌ని గీస్తుంటారు. ముందు నీళ్లతో ఇసుక జార్చండి, తర్వాతే రుద్దండి. రౌండ్ అయ్యాక క్లీనర్‌ని కుళాయి కింద పెట్టి కడిగి, తెరిచి ఎండలో ఆరబెట్టండి.

ఇంట్లో కడిగేటప్పుడు గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, పాత టూత్‌బ్రష్. చాలావాటికి ఇదే సరిపోతుంది. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే మీద తెల్లటి పొర పడుతుంది, మన దగ్గర నీళ్ల ఉప్పు సంగతి తెలిసిందే కదా. వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. అప్పటికే పొర ఉంటే కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి కడిగితే పోతుంది. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, పెయింట్ కూడా లేచి వస్తుంది. స్టీల్ పీచు సరేసరి. వేడి నీళ్లలో మరిగించమని వీడియోల్లో చెప్పేవాళ్లని పట్టించుకోకండి.

రెండో ప్రశ్నకి వస్తాను. క్యాడీల దగ్గర దొరికే బాల్స్‌లో చాలావరకు పొదల్లో, నీటి గుంటల్లో దొరికినవే. వాటికి పట్టిన మట్టి, పాచి మరకలు కడిగితే పోతాయి. గీతలు, చెక్కులు ఏ క్లీనర్‌తోనూ పోవు. నీళ్లలోంచి తీసిన బాల్ అక్కడ ఎన్నాళ్లు పడి ఉందో ఇచ్చేవాడికీ తెలియదు, కొనేవాళ్లకీ తెలియదు. మరీ కొత్తగా తళతళలాడుతున్న పాత బాల్ కనిపిస్తే ఇంకా జాగ్రత్త. కొన్నింటికి పాత పెయింట్ తీసేసి మళ్లీ రంగేసి, పైన లోగో అచ్చేసి అమ్ముతారు. ఆ కొత్త రంగు డింపుల్స్‌లో దళసరిగా పేరుకుంటే బాల్ ఎలా పోతుందో చెప్పలేం. కాబట్టి ఉతికినవి, అంటే మరక పోయి, గీతలు ఉంటే దాచకుండా కనిపిస్తున్నవి ఏరుకోండి. మీ చేత్తో మీరే తడిమి, గోరు పరీక్ష చేసి, ఒకే మోడల్‌వి ఒక డజను పోగు చేసుకోండి. ఒక్కో హోల్‌కి ఒక్కో రకం బాల్‌తో ఆడితే చిప్పింగ్ (గ్రీన్ దగ్గర కొట్టే చిన్న షాట్) ఎప్పటికీ కుదరదు. మీరు ఇప్పుడే మొదలుపెట్టారు కాబట్టి యూరిథేన్ వాటికోసం వెతక్కండి. సర్లిన్ కవర్ ఉన్నవే తీసుకోండి, ఇంకో ఏడాది దాకా ఎలాగూ సగం పొదల్లోకే పోతాయి.