రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి అక్కా

అక్కా, శ్రీకాకుళంలో మీ సందు మలుపు దగ్గర కాలువ మూత విరిగింది, వీధి దీపం వెలగట్లేదు, చెబితే "ఆ రోడ్డు మాది కాదు" అన్నారని రాశారు. ఆ మాటతో ఆగిపోకండి. లోపలి వీధులు నగరపాలక సంస్థవి, కొన్ని పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి, అంటే రోడ్లు, భవనాల శాఖవి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయాలి.

ఎవరిదో తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో (పీజీఆర్‌ఎస్) అర్జీ ఇవ్వండి, సరైన శాఖకు పంపే బాధ్యత వాళ్లదే. దీపానికి, మూతకు వేర్వేరు అర్జీలు రాయండి, కలిపితే ఒకటి చేసి రెండోది వదిలేస్తారు. స్తంభం నంబరు, ఫొటో తప్పకుండా పెట్టండి. అర్జీ ఎంతవరకు వచ్చిందో 1100కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఈలోగా ఆ గుంత దగ్గర ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఈరోజే పెట్టించండి. ట్యూషన్ నుంచి పిల్లలు చీకట్లోనే వస్తారు కదా.