పాఠకుల ప్రశ్నలు: ఆర్‌వీలో అలాస్కాకి, కెనడా మీదుగా

ప్రశ్న: మేం సియాటిల్ దగ్గర ఉంటాం. మావారిది హెచ్1బి ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్4 వీసా, పాప ఇక్కడే పుట్టింది. మా ఇద్దరి పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది, అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు మాత్రం ఇంకా ఉంది. గుంటూరు నుంచి మా అత్తయ్య, మావయ్య విజిటర్ వీసా మీద వచ్చారు. జూలైలో ఆర్‌వీ (కిచెన్, మంచాలు ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని కెనడా మీదుగా అలాస్కా వెళ్లి మూడు, నాలుగు వారాల్లో తిరిగి రావాలని ప్లాన్. కెనడాలో మేం ఆగేది దారి మధ్యలో కొద్ది రోజులే కదా, అమెరికా వీసా ఉంటే చాలు అని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? బండి బుక్ చేసెయ్యమంటారా?

జవాబు: ఇప్పుడే చెయ్యకండమ్మా. ముందు మీ ఇంట్లో ఎవరి చేతిలో ఏ కాగితం ఉందో చూద్దాం, ఎందుకంటే మీరు ఐదుగురూ ఒకే బండిలో వెళ్తున్నా బోర్డర్ దగ్గర మూడు రకాల మనుషులు.

మీ తెలిసినవాళ్లు చెప్పింది తప్పు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా కావాలి, రోడ్డు మీద దాటిపోవడానికైనా సరే. అమెరికా వీసా ఉంటే కెనడా వీసా అక్కర్లేదనే సౌకర్యం కొన్ని దేశాల వాళ్లకు ఉంది, అదీ విమానంలో వెళ్తేనే. ఆ జాబితాలో మన దేశం లేదు. గ్రీన్ కార్డు వాళ్లకు మాత్రం 2022 ఏప్రిల్ 26 నుంచి వీసా అక్కర్లేదు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టూ కార్డూ చూపిస్తే చాలు. మీ గందరగోళం బహుశా అక్కడి నుంచి వచ్చిందే, గ్రీన్ కార్డు ఉన్న స్నేహితులు తాము వెళ్లొచ్చిన అనుభవం చెప్తారు, అది మనకూ వర్తిస్తుందనుకుంటాం. మీ నలుగురికీ వీసా కావాలి. పాపకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే సరిపోతుంది, పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే కాబట్టి గడువు చూసుకోండి.

ఎన్నిసార్లైనా వెళ్లిరాగల మల్టిపుల్ ఎంట్రీ వీసా అయితేనే నిశ్చింత, ఇది మర్చిపోవద్దు. సియాటిల్ నుంచి పైకి వెళ్తూ వాషింగ్టన్ రాష్ట్రం దాటగానే కెనడాలోకి వెళ్తారు, కెనడా వాయవ్య మూలన ఉన్న యూకాన్ దాటాక అలాస్కాతో మళ్లీ అమెరికాలోకి వస్తారు, తిరుగు ప్రయాణంలో ఇదంతా మళ్లీ. అంటే కెనడాలోకి రెండుసార్లు, అమెరికాలోకి రెండుసార్లు. దరఖాస్తు అమెరికా నుంచే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, అత్తయ్యగారు వాళ్లు కూడా. మనిషికి వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. వేలిముద్రలు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సెంటర్లలోనే ఇవ్వొచ్చు, ఒకసారి ఇస్తే పదేళ్లు పనికొస్తాయి. పాస్‌పోర్టులో స్టిక్కర్ పడేదాకా ఆర్‌వీకి అడ్వాన్స్ కట్టకండి. నలుగురిలో ఒక్కరి వీసా ఆలస్యమైనా ప్రయాణం మొత్తం ఆగిపోతుంది, పెద్దవాళ్లను వదిలేసి మీరు వెళ్లలేరు కదా.

ఇక మీ స్టాంపింగ్ సంగతి. అమెరికాలో ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అనే నియమం ఉంది. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపు తిరిగి వస్తే, ఐ-94 గడువు ఉంటే, స్టాంపు గడువు అయిపోయినా లోపలికి రానిస్తారు. షరతు ఏమిటంటే, ఆ ప్రయాణంలో ఎక్కడా కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు పెట్టకూడదు. "ఎలాగూ కెనడా వెళ్తున్నాం కదా, వ్యాంకూవర్‌లో స్టాంపింగ్ కూడా చేయించుకుందాం" అని చాలామంది అనుకుంటారు, పెట్టిన మరుక్షణం ఈ సౌకర్యం పోతుంది, వీసా వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఐ-797 (మీ హోదాను ఆమోదించిన పత్రం) అసలు కాగితం, దాని కింద ఉండే ఐ-94, ఇటీవలి పే స్లిప్పులు, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ చేతికి అందేలా పెట్టుకోండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు, ఆ బోర్డర్ల దగ్గర సిగ్నల్ ఉంటుందని నమ్మలేం. బయలుదేరే ముందు మీ ఆఫీసు లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి, ఒక్కొక్కరి కేసులో ఒక్కో మెలిక ఉంటుంది.

అత్తయ్యగారి విషయంలో ఇంకో అపోహ ఉంది. కెనడా వెళ్లొస్తే కొత్తగా ఆరు నెలలు ఇస్తారని చాలామంది నమ్ముతారు. 30 రోజుల లోపు వచ్చేవాళ్లను మామూలుగా పాత ఐ-94 మీదే రానిస్తారు, పాత తేదీయే ఉంటుంది. కాబట్టి వాళ్ల తేదీ మీ తిరుగు ప్రయాణం తర్వాత కనీసం రెండు మూడు వారాలైనా ఉండేలా చూడండి. దారిలో ఏమైనా కావచ్చు, 2024 మే నెలలో కార్చిచ్చు వల్ల అలాస్కా హైవే మీద ఉన్న ఫోర్ట్ నెల్సన్ ఊరినే ఖాళీ చేయించారు. అలాంటప్పుడు రోడ్డు తెరిచేదాకా ఎక్కడో ఆగాల్సిందే. రోజులు లెక్కపెట్టుకుని వెళ్లిన వాళ్లకు అక్కడ టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇవాళే ఇంకో పని చేయండి, అత్తయ్యగారు, మావయ్యగారి విజిటర్ ఇన్సూరెన్స్ కెనడాలో పనిచేస్తుందో లేదో కంపెనీని అడగండి. కెనడాలో వైద్యం ఉచితం అని విన్నది అక్కడివాళ్లకే, వచ్చిపోయేవాళ్లకు కాదు. మందులు సీసాలూ స్ట్రిప్పులూ విప్పి డబ్బాల్లో కలిపేయకుండా, అసలు ప్యాకింగ్‌లో, డాక్టర్ చీటీతో పెట్టుకోండి. కెనడాలోకి ఒక్కొక్కరు 90 రోజులకు సరిపడా తీసుకెళ్లొచ్చు.

ప్రశ్న: ఆర్‌వీలో కిచెన్ ఉంది కదా అని సరుకులన్నీ సర్దుతున్నాను. ఆవకాయ, నెయ్యి, సోనా మసూరి మూట, కరివేపాకు, చికెన్ పచ్చడి. ఏవి ఆపుతారు?

జవాబు: కెనడాలోకి వెళ్లేటప్పటి కన్నా యూకాన్ నుంచి అలాస్కాలోకి వచ్చేటప్పుడే మీకు ఇబ్బంది ఎక్కువ. తాజా కరివేపాకును అమెరికా బయటి నుంచి రానివ్వదు, నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. బియ్యం సంగతి చాలామందికి తెలియదు. నిల్వ ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు ఉన్న దేశాల నుంచి వచ్చిన బియ్యాన్ని, శనగలను ప్రయాణికుల సామానులో అమెరికా నిషేధించింది, కెనడా కూడా 2021లో నిషేధించింది, ఆ దేశాల్లో భారత్ కూడా ఉంది. మీరు సియాటిల్ కొట్లోనే కొన్నా, బోర్డర్ దగ్గర సంచి మీద కనపడేది ఇండియా పేరే. అందుకే మూట ఇంట్లోనే ఉంచి, కెనడా రోజులకు సరిపడా మాత్రమే అక్కడే కొని యూకాన్‌లో పూర్తి చేసేయండి. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లోనూ సూపర్ మార్కెట్లు ఉన్నాయి, అక్కడ ఏ బియ్యం దొరికితే అవి వండుకోవచ్చు. చికెన్ పచ్చడి ఇంట్లోనే ఉంచి రండి, మాంసం, గుడ్ల మీద నిబంధనలు మారుతూ ఉంటాయి. ఆవకాయ, పొడులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు, అయినా చెప్పాలి. అసలు సూత్రం ఇదే, ఉన్నవన్నీ అడిగినప్పుడు చెప్పండి. చెప్పినవాటిలో పనికిరానిది తీసి పడేస్తారు, అంతే. దాచినది దొరికితే జరిమానా.

తినేవి కానివి కూడా చూసుకోండి. అమ్మాయిలు తాళాల గుత్తికి తగిలించుకునే పెప్పర్ స్ప్రే కెనడాలో నిషిద్ధ ఆయుధం, బండి ఎక్కేముందు అందరి హ్యాండ్‌బ్యాగులూ వెతకండి. ఎలుగుబంట్ల కోసమని లేబుల్ మీద రాసి ఉన్న స్ప్రే వేరు, అది అనుమతిస్తారు. వంటచెరకు బోర్డర్ దాటించొద్దు, అవతల కొనుక్కోండి. గంజాయి వాషింగ్టన్‌లోనూ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ చట్టబద్ధమే అయినా బోర్డర్ దాటించడం నేరం. స్నేహితులు ఎవరైనా ముందురోజు ఆ బండి వాడి ఉంటే సొరుగులు కూడా చూడండి.

ప్రశ్న: మా ఫ్యామిలీలో ఎవరూ ఇంత పెద్ద బండి నడపలేదు. అద్దె బండికి ఏం అడగాలి? దారి ఎలా ఉంటుంది?

జవాబు: కెనడాకి, అలాస్కాకి బండిని తీసుకెళ్లడానికి ఒప్పుకుంటున్నట్టు అద్దె కంపెనీ రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటిమాట చాలదు. కెనడాలో చెల్లే ఇన్సూరెన్స్ కార్డు అడగండి, దాన్ని వాడుకలో ఎల్లో కార్డు అంటారు, అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలు ఇస్తాయి. బ్రిటిష్ కొలంబియాలో కనీస లయబిలిటీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవరేజి) 2 లక్షల కెనడా డాలర్లు. క్రెడిట్ కార్డు ఇన్సూరెన్స్ చాలావరకు ఆర్‌వీలను కవర్ చేయదు, చేస్తుందనుకుని కంపెనీ ఇన్సూరెన్స్ వద్దనకండి. స్పేర్ టైరు ఉందా, అద్దానికి రాయి తగిలితే ఎవరు భరించాలి, రోడ్‌సైడ్ సహాయం కెనడాలో పనిచేస్తుందా, ఇవి అడగండి. చాలా ఆర్‌వీలకు స్పేర్ టైరు ఉండదు. మావయ్యగారు ఉత్సాహంగా స్టీరింగ్ అడిగినా ఇవ్వకండి, ఒప్పందంలో పేరు లేనివాళ్లు నడిపితే ఇన్సూరెన్స్ చెల్లదు. సీట్ బెల్టులు మనుషులకు సరిపడా ఉండాలి, కదిలే బండిలో వెనక మంచం మీద పడుకోవడం ప్రమాదం. మెట్టు ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్ల మోకాళ్లకు చిన్న స్టూలు ఒకటి కొనండి, ఇది నేను ప్రత్యేకంగా చెప్తున్నాను ఎందుకంటే రోజుకి పదిసార్లు ఎక్కి దిగేది వాళ్లే.

దారి విషయానికొస్తే, అలాస్కా హైవే 1942లో యుద్ధం కోసం వేసినది, బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్‌లో మొదలై అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా దాదాపు 1,390 మైళ్లు. సియాటిల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఒకవైపే సుమారు 2,300 మైళ్లు అవుతుంది. మోటార్ హోమ్ గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది కాబట్టి ఒకవైపే 250 గ్యాలన్లు లెక్కేసుకోండి. ఫోర్ట్ నెల్సన్ నుంచి వాట్సన్ లేక్ దాకా 500 కిలోమీటర్ల పైన ఉంటుంది, మధ్యలో బంకులు అరుదు, కాబట్టి ట్యాంకు సగానికి రాకముందే ఎక్కడ కనపడితే అక్కడ నింపండి. ఆ మధ్యలోనే లియార్డ్ వేడినీటి బుగ్గలు ఉన్నాయి, పెద్దవాళ్ల ఒళ్లు నొప్పులకు అంతకన్నా మంచి మజిలీ ఆ దారిలో లేదు, ఒక రోజు అక్కడే గడపండి. చుట్టుపక్కల రోడ్డు మీదికి బైసన్ గుంపులు వస్తాయి, తెల్లవారుజామున, సాయంత్రం నెమ్మదిగా వెళ్లండి. యూకాన్‌లో పగలు కూడా హెడ్‌లైట్లు వేసే నడపాలి.

క్లువానే సరస్సు దాటాక అలాస్కా బోర్డర్ దాకా రోడ్డు కింద మంచు గడ్డకట్టి ఉబ్బడం వల్ల అలలు అలలుగా ఉంటుంది, అక్కడ 40 మైళ్ల వేగం దాటితే లోపల గిన్నెలన్నీ కిందపడతాయి. కెనడా చెక్‌పోస్టు బీవర్ క్రీక్‌లో ఉంటుంది, అమెరికాది దాదాపు 30 కిలోమీటర్ల అవతల సరిహద్దు మీదే. అలాస్కాలోకి వెళ్లేటప్పుడు మీరు ఆగాల్సింది అమెరికా పోస్టు దగ్గర, తిరిగి వచ్చేటప్పుడు బీవర్ క్రీక్ దగ్గర. రెండుచోట్లా వెనక నిద్రపోతున్నవాళ్లను ముందే లేపి కూర్చోబెట్టండి, అధికారి లోపలికి వచ్చి ఫ్రిజ్ తెరిచి చూడొచ్చు. యూకాన్ గడియారం అలాస్కా కన్నా వేసవిలో గంట ముందు ఉంటుంది, అలాస్కాలోని టోక్‌లో క్యాంప్‌సైట్ బుక్ చేసేటప్పుడు ఆ గంట మీకు కలిసి వస్తుంది, తిరుగు దారిలో యూకాన్‌లోని వైట్‌హార్స్ చేరే టైమ్ లెక్కలో ఆ గంట పోతుంది.