చేతి ప్రెస్సులో 80 కిలోలు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. అడ్డాకులతో విస్తళ్ళు, దొప్పలు చేసేందుకు వెల్డింగు షాపులో ఒక లీవరు ప్రెస్సు చేయించాను. పిడి ఒక చివర ఫ్రేముకు పిన్నుతో బిగించి ఉంటుంది. అక్కడి నుంచి 6 సెం.మీ. దూరంలో అచ్చును కిందికి నొక్కే కడ్డీ ఉంది. ఆ కడ్డీ నుంచి పిడి కొస వరకు 90 సెం.మీ. కాబట్టి 90ని 6తో భాగించి 15 రెట్లు అనుకున్నాను. కొస నుంచి 6 సెం.మీ. లోపల, చేయి పట్టుకునే చోట 20 కిలోల బరువు వేలాడదీసి, పిడి అడ్డంగా ఉండగా కడ్డీ కింద కాటా పెట్టి చూస్తే 300 కిలోలకు బదులు 220 మాత్రమే వచ్చింది. 12 సెం.మీ. దొప్పలు బాగా వస్తున్నాయి గాని 20 సెం.మీ. విస్తళ్ళ అంచు విచ్చుకుపోతోంది. పిడికి ఇంకో పైపు తొడగమంటారా?

జవాబు: పైపు తొడగకండి. ముందు లెక్క సరిచూద్దాం. ఏతంలో ఆధారం మధ్యలో ఉంటుంది. మీ ప్రెస్సు అలాంటిది కాదు, అడకత్తెర లాంటిది. ఆధారం ఒక కొసన, నలిగేది నడుమ, చేయి రెండో కొసన ఉంటాయి. అందువల్ల రెండు దూరాలనూ ఆధార పిన్ను నడిబొడ్డు నుంచే కొలవాలి. మీరు కడ్డీ నుంచి కొలవడంతో 6 సెం.మీ. తగ్గింది, బరువు వేలాడిన చోటికి కాక కొస దాకా కొలవడంతో 6 సెం.మీ. పెరిగింది. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 15 అన్న సరైన యాంత్రిక లాభమే (చేతి బలం ఎన్ని రెట్లవుతుందో ఆ అంకె) మిగిలింది. పిడి సొంత బరువు కూడా కాటాకు ఎక్కుతుంది గనుక, 20 కిలోలు తగిలించక ముందున్న అంకెను తీసివేయడం మరచిపోకండి.

మీ 220 అలా తీసివేశాక మిగిలిందే అనుకుంటే, అసలు లాభం 220ని 20తో భాగిస్తే వచ్చే 11. అంటే సుమారు 73 శాతమే అచ్చుకు చేరుతోంది. తక్కిన 80 కిలోలు రాపిడికి పోతున్నాయి. పిన్నుల దగ్గర పోయేది కొంతే. ఎక్కువగా అనుమానించవలసింది కడ్డీ కిందికి దిగే గొట్టాన్ని. పిడి మీది పిన్ను వంపు దారిలో తిరుగుతుంది, కడ్డీ మాత్రం నిలువుగా దిగాలి. కడ్డీ 3 సెం.మీ. దిగేందుకు పిడిని 30 డిగ్రీలు పైకెత్తి, అడ్డంగా వచ్చేదాకా దించితే, ఆ పిన్ను పక్కకు సుమారు 8 మి.మీ. జరుగుతుంది. దానికి చోటివ్వకపోతే కడ్డీ గొట్టం గోడను ఒరుసుకుంటూ దిగుతుంది. పిడికీ కడ్డీకీ నడుమ ఇరువైపులా రెండు చిన్న ఇనుప పట్టీలను పిన్నులతో వేయించి, గొట్టంలో గ్రీజు పూసి, మళ్ళీ కాటా మీద చూడండి. అంకె ఎంత పెరిగితే అంత నష్టం అక్కడిదన్నమాట.

ఇక విస్తళ్ళ సంగతి. అంచు మడత నిలవడానికి మొత్తం బరువు కన్నా ప్రతి చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడి ముఖ్యం. దొప్ప వైశాల్యం 113 చ.సెం.మీ., కాబట్టి 220 కిలోలకు సుమారు 1.9 కిలోలు పడుతుంది. విస్తరి వైశాల్యం 314 చ.సెం.మీ. కనుక 0.7 కిలోలే పడుతుంది. ఆధారం రంధ్రాన్ని కడ్డీకి 6 బదులు 4 సెం.మీ. దూరంలో ఉండేలా జరిపితే లాభం 22 అవుతుంది గాని, కడ్డీ 3 సెం.మీ. దిగడానికి చేయి 45కు బదులు 66 సెం.మీ. దిగాలి. రోజంతా ప్రెస్సు ముందు నిలబడేవారికి అది చిన్న కష్టం కాదు. పైగా ఇప్పుడే, రాపిడి లేదనుకుంటే, 300 కిలోల నొక్కుడుకు ఆధార పిన్ను 280 కిలోలను ఓర్చుకోవాలి. పైపు తొడిగితే ఆ భారం ఇంకా పెరుగుతుంది.

నేనైతే అచ్చును మారుస్తాను. లేతు షాపులో పై అచ్చు నడిభాగాన్ని ఒక మిల్లీమీటరు లోతుగా చెక్కించి, 2 సెం.మీ. వెడల్పు అంచు మాత్రమే ఆనేలా చేయించండి. ఆ అంచు వైశాల్యం కూడా సరిగ్గా 113 చ.సెం.మీ. వస్తుంది. దొప్పకు పడుతున్న ఒత్తిడే, అదే పిడితో, విస్తరి అంచుకూ పడుతుంది.