రాత్రి తిని పడుకోగానే ఛాతీలో మంట: మాత్ర వేసుకున్నా ఎందుకు తగ్గడం లేదు?

మీరు రాసింది ఇదీ: సెకండ్ షిఫ్ట్, మాదాపూర్ నుంచి ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది, తిని పడుకున్న కాసేపటికే ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న పాంటాప్రజోల్ (యాసిడ్ ఊరడాన్ని తగ్గించే మాత్ర) రోజూ పడుకునే ముందు వేసుకుంటున్నా తగ్గడం లేదు. పొట్టలో యాసిడ్ మరీ ఎక్కువైందా అని మీ అనుమానం. నేను డాక్టర్ని కాను. కానీ కొన్నేళ్లు అదే షిఫ్టులో పనిచేసి, అదే బాధ పడ్డాను కాబట్టి తెలిసింది చెప్తాను.

పొట్టలో యాసిడ్ ఉండాల్సిందే, ఘాటుగానే ఉండాలి. దాని పీహెచ్ (ఈ అంకె ఎంత తక్కువైతే యాసిడ్ అంత ఘాటు) మామూలుగా 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది. మాంసకృత్తులు అరగాలన్నా, తిండితో లోపలికి పోయే క్రిములు చావాలన్నా ఆ ఘాటు కావాలి. పొట్ట లోపలి గోడకు జిగురు పొర ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. అన్నవాహికకు అలాంటి రక్షణ లేదు. రెండూ కలిసే చోట ఒక కండరం బిగుసుకుని ఉంటుంది, ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది. అది వదులైతే యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. మనలో చాలామందికి యాసిడ్ ఊరడం మామూలుగానే ఉంటుంది, రాకూడని చోటికి వస్తుంది, అంతే.

ఇక రాత్రిపూట బిర్యానీ లాంటి కొవ్వు తిండి సంగతి. కొవ్వు చిన్నపేగు మొదట్లోకి చేరగానే అక్కడినుంచి ఒక హార్మోన్ విడుదలవుతుంది. అది పిత్తాశయాన్ని పిండి పిత్తరసం వదిలిస్తుంది, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, పైనున్న ఆ కండరాన్ని కూడా కాస్త వదులు చేస్తుంది. అంటే పొట్ట నిండుగా, మూత వదులుగా ఉన్నప్పుడే మనం వెళ్లి మంచం మీద వాలుతున్నామన్నమాట. అరుగుతుందని పైనుంచి కూల్‌డ్రింక్ తాగేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ తేన్పుతోపాటే యాసిడ్ కూడా పైకి వస్తుంది మరి.

నేను గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగింది మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావనే. యాసిడ్‌ని ఊరించే పంపులు తిండి వచ్చినప్పుడు పని మొదలుపెడతాయి, ఈ మందు పనిలో ఉన్న పంపుల్నే ఆపగలదు. అందుకే తినడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలట. తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకుంటే సగం వృథా.

తర్వాత ఎండోస్కోపీ చేశారు. అందరూ భయపెట్టినంత ఏమీ లేదు. గొంతులో చేదు మందు స్ప్రే కొడితే నాలుక తిమ్మిరెక్కి, ఉమ్మి మింగుతున్నానో లేదో కూడా తెలియలేదు. పొట్ట గోడ నుంచి చిన్న ముక్క తీసి పసుపు రంగు పరీక్ష మందులో వేశారు. హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటే అది గులాబీ రంగుకు మారుతుంది. నాది పసుపుగానే ఉండిపోయింది. పొట్టలో పుండ్లకు ముఖ్యమైన కారణాల్లో ఈ బ్యాక్టీరియా ఒకటి. కారమూ టెన్షనే కారణమని నమ్మే రోజుల్లో దాన్ని బయటపెట్టిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఉంటే కోర్సు ప్రకారం యాంటీబయాటిక్స్ వాడాలి. పుండ్లకు ఇంకో కారణం అయినదానికీ కానిదానికీ మింగే నొప్పి మాత్రలు. నా రిపోర్టులో మాత్రం ఆ కండరం వదులుగా ఉందని రాశారు.

నాకు బాగా పనిచేసింది భోజనం వేళ మార్చడం. ఎనిమిదికల్లా ఆఫీసులోనే డబ్బా తినేసేవాణ్ని, ఇంటికొచ్చాక ఆకలేస్తే ఒక అరటిపండు. పడుకునేలోపు మూడు గంటలు గడవాలి, అదీ లెక్క. బిర్యానీ మానలేదు, మధ్యాహ్నానికి మార్చాను. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాను. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుందే గానీ ఛాతీ లేవదు. ఎడమవైపు తిరిగి పడుకోవడం కూడా ఉపయోగమే, అప్పుడు పొట్ట అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది. రాత్రి ఇరానీ చాయ్ మానడమే కష్టమైంది.

మింగుతుంటే అడ్డం పడినట్టున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా, రక్తపు వాంతులైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇవేవీ చూస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే గ్యాసేలే అని ఈనో కలుపుకోకండి. దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లి వెంటనే ఈసీజీ తీయించండి.

మీరు చాలా రోజులుగా వాడుతున్నారు కాబట్టి మాత్ర ఒక్కసారిగా ఆపేయకండి, కొందరికి ఆపగానే యాసిడ్ ఇంకా ఎక్కువ ఊరుతుంది. డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించండి, పనిలో పనిగా విటమిన్ బి12 కూడా చూపించుకోండి, ఏళ్ల తరబడి వాడితే అది పడిపోవచ్చు. హెచ్. పైలోరీకి శ్వాస పరీక్ష రాస్తే మాత్రం దానికి రెండు వారాల ముందు నుంచీ ఈ మాత్ర ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టే చూపించవచ్చు.