డిశ్చార్జికి ముందే మొదలుపెట్టండి

హౌస్ సర్జన్‌గా ఒక అరుదైన కేసు చూశాననీ, దాన్ని రాసి ప్రచురించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలనీ మీరు అడిగారు. రోగి ఇంకా వార్డులోనే ఉంటే, జర్నళ్ల వేట కాసేపు ఆపి ఈ రోజే ఆ మంచం దగ్గరికి వెళ్లండి. ఈ సంగతి నాకు ఒక కేసు పోగొట్టుకున్నాక గానీ తెలియలేదు.

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేస్తున్న ఆసుపత్రికి ఆరేళ్ల పాపను వాంతులతో తీసుకొచ్చారు. తిన్నది పడలేదనుకొని సెలైన్ పెట్టాం. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు నాడి 52 మాత్రమే ఉందని పిలిచాక ఈసీజీ తీస్తే హార్ట్ బ్లాక్, అంటే గుండెలో విద్యుత్ సంకేతాలకు అడ్డంకి, కనిపించింది. తల్లిని మళ్లీ అడిగితే, పెరట్లో రాలిన పచ్చగన్నేరు కాయలతో పిల్లలు బువ్వాలాట ఆడారని చెప్పింది. ఆ గింజల్లోని విషం డిజాక్సిన్ అనే గుండె మందు లాగే గుండె మీద పనిచేస్తుంది. నాడి వేగం పెంచే అట్రోపిన్ ఇచ్చి, మానిటర్ మీద ఉంచి కనిపెట్టుకొని ఉండగా పాప నాలుగో రోజుకు కోలుకుంది.

నాలుగు నెలల తర్వాత రాయడానికి కూర్చుంటే, ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచాననుకున్న ఈసీజీ థర్మల్ కాగితం మీద గీతలు దాదాపు చెరిగిపోయాయి. పొటాషియం రక్తనమూనా ఏ గంటకు తీశారో కేస్‌షీట్‌లో లేదు. ప్రచురణకు సమ్మతి అసలే తీసుకోలేదు. ఊరు వెతుక్కుంటూ వెళ్తే పాప తండ్రి, "మా పిల్ల పేరు బయటికి వస్తుందా సార్, రేపు పెళ్లప్పుడు ఎవరైనా అడిగితే?" అన్నారు. పేరు, ఊరు, ఫొటో ఏవీ ఉండవనీ, అయినా తెలిసినవాళ్లు గుర్తుపట్టే అవకాశం పూర్తిగా లేకుండా పోదనీ తెలుగులో చెప్పాకే ఆయన సంతకం చేశారు. ఇంతా చేస్తే, ఈసీజీ చదవడానికి వీల్లేదనీ, సమయాలు లేవనీ జర్నల్ వాళ్లు రిపోర్టును తిప్పి పంపారు. వాళ్లు చెప్పింది న్యాయమే.

అందుకే ఈసీజీని ఆ రాత్రే జిరాక్స్ తీయించండి. ఏ లక్షణం, ఏ పరీక్ష, ఏ మందు ఎన్ని గంటలకో ఒక కాగితం మీద వరుసగా రాయండి. కేస్ రిపోర్టులు ఎలా రాయాలో చెప్పే, 2013లో వచ్చిన కేర్ (CARE) మార్గదర్శకాల్లోని 13 అంశాల పట్టిక కూడా ఈ కాలక్రమాన్నే అడుగుతుంది, వీలైతే రోగి అనుభవాన్ని రోగి మాటల్లోనే చేర్చమంటుంది. బీఎంజే కేస్ రిపోర్ట్స్ వంటి జర్నళ్లు తమ సొంత సమ్మతి పత్రాన్నే కోరతాయి కాబట్టి, జర్నల్‌ను ముందే అనుకొని ఆ పత్రాన్ని డిశ్చార్జికి ముందే తెలుగులో చదివి వినిపించండి. ఫొటోలో కళ్ల మీద నల్లపట్టీ వేస్తే చాలదు.

అరుదైనదా కాదా అన్న బెంగ అంతగా వద్దు. వాంతులతో వచ్చిన పిల్లల్లో నాడి నెమ్మదిగా ఉంటే గన్నేరు గురించి అడగాలన్న ఒక్క విషయం మరో డ్యూటీ డాక్టరుకు అందితే, ఆ రిపోర్టుకు విలువ ఉన్నట్టే. పని చేయని పెద్దల పేర్లు రచయితల్లో చేర్చమని ఒత్తిడి వస్తే, వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ సంఘం (ఐసీఎంజేఈ) రచయితలకు పెట్టిన 4 షరతులు చూపి మర్యాదగా కాదనండి. వారంలో అచ్చు వేస్తామంటూ డబ్బు అడిగే మెయిళ్లకు జవాబే ఇవ్వకండి.

తర్వాత కొన్నేళ్లకు అలాంటిదే మరో బాబు కేసు వచ్చినప్పుడు ఇవన్నీ మొదటి రాత్రే చేశాను. ఆ రిపోర్టు అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకెళ్లి, అందులో ఏముందో బాబు తల్లికి తెలుగులో చెప్పి వచ్చాను.