ఆ ఎర్ర బాణం చూసి టాబ్లెట్ ఆపేస్తారా?

ప్రశ్న: మా అమ్మకి 64 ఏళ్లు. కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ మార్చిలో 1.1, ఇప్పుడు 1.2. రిపోర్ట్ ఒక హెల్త్ యాప్‌లో పెడితే ఎర్ర బాణం వేసి 9 శాతం పెరిగిందంటోంది. బీపీ టాబ్లెట్ వల్లేమోనని భయపడి దాన్ని ఆపించాం. యాప్‌ని నమ్మొచ్చా?

ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి టాబ్లెట్ ఆపామని చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఎర్ర బాణం మెయిళ్లు నాకు వస్తూనే ఉన్నాయి, కానీ దాన్ని చూసి మందు ఆపెయ్యడం మాత్రం చాలా తప్పండీ.

యాప్ లెక్క కరెక్టే, 9 శాతమే. కానీ ఒకే మనిషికి రెండు వారాలు వరసగా రక్తం తీసినా క్రియాటినిన్ అచ్చం ఒకేలా రాదు, ఒంట్లోనే 4, 5 శాతం అటూ ఇటూ ఊగుతుంది, దానికి మెషిన్ తేడా ఇంకో 2, 3 శాతం, ముందు రోజు రాత్రి మటన్ తింటే అదొకటి. ఒంటి తేడా, మెషిన్ తేడా రెండిటినీ వర్గం చేసి కూడి, వర్గమూలం తీసి 2.77తో గుణిస్తే వచ్చేదే రిఫరెన్స్ చేంజ్ వాల్యూ. క్రియాటినిన్‌కి సుమారు 15 శాతం వస్తుంది. మార్పు అది దాటితేనే మామూలు ఊగులాట కాదేమో అని అనుమానించాలి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్‌కైతే ఇది 50 శాతం దగ్గర, అంటే 2.4 కాస్తా 3.1 అయితే కంగారు పడక్కర్లేదు. హారిస్, యసాకా అనే పరిశోధకులు 1983లోనే ఈ లెక్క రాసి పెట్టారు, కోడ్‌లో నాలుగు లైన్లు, అయినా యాప్ వాళ్లు పెట్టరు.

నాకు అసలు కోపం ఇంకోచోట. క్రియాటినిన్ వారంలో 0.7 నుంచి 1.1కి వెళ్లిందనుకోండి, రెండూ నార్మల్ రేంజ్‌లోనే ఉన్నాయని చాలా యాప్‌లు పచ్చగా చూపిస్తాయి. వారంలో ఒకటిన్నర రెట్లు పెరిగినా, రెండు రోజుల్లో 0.3 పెరిగినా కిడ్నీ డాక్టర్లు దాన్ని కిడ్నీకి తగిలిన హఠాత్తు దెబ్బగా చూస్తారు! భయపడాల్సిన చోట పచ్చ, అక్కర్లేని చోట ఎరుపు. 1.0, 1.1, 1.2, 1.3 అని మెల్లగా పాకితే చివరి రెండే పోల్చే యాప్‌కి అదీ కనపడదు. అందుకే పాత రిపోర్టులన్నీ తేదీ వరసలో పెట్టి డాక్టర్‌కి చూపించండి, వీలైతే ఒకే ల్యాబ్‌లో, ఒకే టైమ్‌కి చేయించండి.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఆ పీడీఎఫ్. అందులో అమ్మ పేరు, వయసు, ఫోన్ నంబరు, జబ్బు అన్నీ ఉన్నాయి, మీరు చేతులారా ఎవరికో ఇచ్చేశారు. యాప్ తీసేస్తే వాళ్ల సర్వర్‌లోంచి పోదు, సెట్టింగ్స్‌లో డేటా డిలీట్, అకౌంట్ డిలీట్ రెండూ వెతికి నొక్కండి. ల్యాబ్ నుంచి ఎస్ఎంఎస్‌లో వచ్చే లింక్ కూడా ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టకండి. పోయిన నెల నాకు వచ్చిన లింక్‌ని మా ఆవిడ ఫోన్‌లో తెరిచా, ఓటీపీ లేదు, పాస్‌వర్డ్ లేదు, రిపోర్ట్ మొత్తం వచ్చేసింది. ల్యాబ్‌కి మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఇప్పటికీ ఆ లింక్ అలాగే తెరుచుకుంటోంది.